పాత వీణ కొన్నాను: వీణకి నాలుగున్నర నక్షత్రాలు, అమ్మిన అబ్బాయికి అయిదు

ఇరవై ఏళ్ళ కిందట వర్ణాల దగ్గర ఆపేసిన వీణ మళ్ళీ పట్టుకుందామని రెండు నెలలు ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్ వీణలు వెతికాను. చివరికి రాజమండ్రిలో ఒక డిగ్రీ కుర్రాడి దగ్గర 16,000కి దొరికింది. బొబ్బిలి వీణ, పనస కర్ర, ఏకాండి. అంటే కుండా (గుండ్రటి బుర్ర), దండీ (పొడుగాటి మెడ) ఒకే మానులోంచి తొలిచినవి.

ఆ ఏకాండి అన్న మాటకే అంతకుముందు ఒకసారి బోల్తా పడబోయాను. ఒకాయన "ఒరిజినల్ ఏకాండి" అని పెట్టిన వీణ ఫొటో పెద్దది చేసి చూస్తే కుండకీ దండికీ మధ్య అతుకు గీత. అడిగితే "అది డిజైన్ మేడం" అన్నాడు. వాయించి వినిపించమంటే వీడియో పంపాడు. అందులో వీణతో పాటు మృదంగం కూడా మోగుతోంది, గదిలో చూస్తే ఆయనొక్కడే!

రాజమండ్రి అబ్బాయి పెట్టిన మొదటి ఫొటోయే బీటది. కుండ పక్కన రెండంగుళాలు, జిగురు పెట్టి పూడ్చింది; స్కేలు ఆనించి మరీ తీశాడు. ఒక బిరడ (తీగ బిగించే మర) జారుతుంది, సుద్ద రాస్తే నిలుస్తుంది అని కింద రాశాడు. మేళం, అంటే దండి మీద మైనంలో నిలబెట్టిన మెట్ల వరస, కదిలిన సంగతి వీడియో కాల్‌లో వినిపించాడు. ఫోన్‌లో తంబూర పెట్టి, సారణిని (మొదటి తీగని) షడ్జానికి శ్రుతి చేసి ఏడో మెట్టు మీద మీటితే, పంచమం పలకాల్సిన చోట వెంట్రుకవాసి పైకి పోయింది. "ఎండలకి మైనం మెత్తబడి మెట్లు జరిగాయి మేడం, మళ్ళీ కట్టించుకోవాలి" అన్నాడు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, 24 మెట్లనీ ఒక్కొక్కటీ చెవితో వింటూ నిలబెట్టే పని అది. చిన్న ఖర్చేం కాదు.

ఇక నా నిర్వాకం. 16కి సరేనన్నాక, రాత్రి పడుకోబోతూ "బీటుంది, మేళం పోయింది, 12కి ఇచ్చేయరాదూ" అని మెసేజ్ కొట్టాను. పొద్దున్నే జవాబొచ్చింది: "అవన్నీ చూసుకునే ఆ ధర పెట్టాను మేడం. నేను చెప్పినవే నాకు చూపించి తగ్గించమంటే, ఈసారి చెప్పకుండా అమ్మాలనిపిస్తుంది." సిగ్గేసింది. 16కే అన్నాను. అది చాలదన్నట్టు ఆదివారం వస్తానని చెప్పి, ఇంటికి చుట్టాలొస్తే ఆగిపోయి, ఆ ముక్క సాయంత్రం దాకా చెప్పలేదు. ఈలోగా ఎవరో 18 ఇస్తామన్నారట. ఇచ్చేయలేదు. ఈ సంగతి తర్వాత వాళ్ళమ్మగారు చెబితే తెలిసింది, అతను అనలేదు.

మరుసటి వారం విశాఖ నుంచి రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాను. మెసేజుల్లో మేడం అన్నవాడు గుమ్మంలో ఆంటీ అన్నాడు, పోనీలెండి. అడ్వాన్స్ ముందే వద్దన్నాడు. "వాయించి చూసుకోండి" అని గది వదిలేసి వెళ్ళిపోయాడు. పక్కన నిలబడి తొందరపెట్టకపోవడం ఎంత హాయో! కుండ మీద చెయ్యి ఆనించి అన్నిటికన్నా కింది స్థాయి తీగ అనుమంద్రం మీటితే అరచేతిలో వణికింది. అక్కడే ఫోన్‌పే కొట్టేశాను.

ఇంటికొచ్చాక మేళం కట్టించడానికి ఇంకో 5,000 అయింది. ఇప్పుడు పంచమం పంచమంలానే ఉంది. అర నక్షత్రం తగ్గించింది సంచి జిప్పుకి; రైలెక్కేటప్పుడు ఊడి చేతికొచ్చింది. చెబితే "అయ్యో, చూసుకోలేదు ఆంటీ, 300 వెనక్కి పంపనా" అన్నాడు. వద్దన్నాను.

నిన్న నా పాత ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె అమ్మకానికి పెట్టాను. "వాల్యూం తిప్పితే గరగరమంటుంది" అని మొదటి వాక్యంలోనే రాశాను. ఇప్పటికి మూడు మెసేజులొచ్చాయి. మూడింట్లోనూ ఒకటే: "లాస్ట్ ఎంత?"