అమ్మతో అలాస్కా డెనాలీ పార్క్‌లో మూడు రోజులు

గుంటూరు నుంచి డల్లాస్ వచ్చిన అమ్మ నెల తిరక్కుండానే, "మా ఊళ్ళో లేని ఎండా ఇది? చల్లటి చోటికెక్కడికైనా తీసుకెళ్ళరా" అంది. అలా ఆగస్టు చివర్లో డెనాలీ వెళ్ళాం. యాంకరేజ్ నుంచి 240 మైళ్ళు. రైలుకు దాదాపు ఎనిమిది గంటలు పడుతుందని కారులోనే వెళ్ళాం.

పార్క్ గేటు దగ్గర హోటళ్ళు బాగా ఖరీదు. అందుకని 11 మైళ్ళు ఉత్తరాన హీలీలో వంటగది ఉన్న క్యాబిన్ తీసుకున్నాం. మొదటి రాత్రి హీటర్ పనిచేయలేదు. ఫోన్ చేస్తే మర్నాడు సాయంత్రానికి గానీ వేరేది తెచ్చివ్వలేదు. అమ్మ రెండు స్వెట్టర్లు వేసుకుని, శాలువా కప్పుకుని పడుకుంది. ఆ రాత్రంతా నాకు టెన్షనే. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు బుక్ చేసేముందే హీటర్ గురించి అడగండి. అయినా మళ్ళీ వెళ్తే హీలీలోనే ఉంటాను, వంటగది కోసం.

పార్క్‌లో ఉన్నది ఒకటే రోడ్డు, 92 మైళ్ళు. సొంత కారులో మొదటి 15 మైళ్ళ వరకే వెళ్ళనిస్తారు, ఆ తర్వాత బస్సే. ప్రెటీ రాక్స్ దగ్గర కొండవాలు నేలలోని మంచు కరిగి జారిపోతుండటంతో 2021 నుంచి బస్సులు 43వ మైలు దగ్గరే వెనక్కి తిరుగుతున్నాయి. సగం రోడ్డుకు ఇంత దూరం వెళ్ళాలా అనుకున్నాను. ఆ సగమే మాకు రెండు రోజులకూ సరిపోయింది.

గైడు ఉండే టూర్ బస్సు టికెట్ మామూలు ట్రాన్సిట్ బస్సుకు మూడు రెట్ల పైనే. నా ఓటు ట్రాన్సిట్‌కే. నచ్చిన చోట దిగి కాసేపు నడిచి, ఖాళీ ఉన్న తర్వాతి బస్సు ఎక్కొచ్చు. మా డ్రైవరు కూడా ఓపిగ్గా అన్నీ చెప్పాడు. తినడానికి మాత్రం ఏమీ అమ్మరు. మేము పులిహోర కట్టుకెళ్ళాం.

సేబుల్ పాస్ అనే కనుమ దగ్గర డ్రైవరు బస్సు ఆపి ఇంజిన్ కట్టేశాడు. రోడ్డుకు కాస్త కిందగా ఒక గ్రిజ్లీ ఎలుగుబంటి. నేలంతా కుంకుమ రంగుకు తిరిగి ఉంది, దాని మధ్యలో గోధుమరంగు వీపు. బ్లూబెర్రీ పొదను పంజాతో వంచి, పెదాలతో ఒక్కో కొమ్మనూ దూస్తోంది. నలభైమంది ఉన్న బస్సులో ఊపిరి చప్పుడు కూడా లేదు. ఇరవై నిమిషాల్లో అది ఒక్కసారి కూడా తలెత్తి మా వైపు చూడలేదు. చలికాలం నిద్రకు ముందు ఒంట్లో కొవ్వు పెంచుకోవడమే దాని పని. టెక్లానికా నది దాటాక మూడు కారిబూలు, అంటే అక్కడి రెయిన్‌డీర్ జింకలు, రోడ్డు మీదే నడిచాయి. అద్దం దించితే అడుగడుక్కీ టిక్కు టిక్కుమని చప్పుడు. వాటి కాళ్ళలో కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు ఎముక మీద జారితే అలా వినిపిస్తుందట.

డెనాలీ కొండ మాత్రం కనపడలేదు. 6,190 మీటర్ల శిఖరం మూడు రోజులూ మబ్బులోనే ఉండిపోయింది. వచ్చినవాళ్ళలో మూడో వంతు మందికే కనిపిస్తుందంటారు, కాబట్టి దాని కోసమే వెళ్ళకండి. 2025లో శిఖరం పేరు అధికారికంగా మెకిన్లీ అని మార్చారు గానీ పార్క్ పేరు డెనాలీయే. అక్కడివాళ్ళ నోట కొండ పేరు కూడా అదే విన్నాం.

స్లెడ్ కుక్కల ప్రదర్శన ఉచితం, పిల్లలుంటే తప్పక చూపించండి. చలికాలంలో రేంజర్లు ఈ కుక్కలు లాగే బండ్ల మీదే అడవిలో తిరుగుతారు.

ఆఖరి సాయంత్రం సావేజ్ నది దగ్గర అమ్మ కొంగులో పట్టినన్ని బ్లూబెర్రీలు కోసింది. సొంతానికి కోసుకోవచ్చు. మన షాపుల్లో దొరికేవాటిలా కాదు, చిన్నవి, బాగా పులుపు. నాలుగు పచ్చిమిరపకాయలు వేయించి, క్యాబిన్‌లోనే పచ్చడి చేసింది. వేడన్నంలో కలుపుకుని తింటూ, "ఎలుగుబంటికి రుచి తెలుసురా" అంది.