సంగీతకారుల హక్కులకు ఏది మేలు: సిఫార్సా, చట్టమా?

"చట్టం రావాలంటే ఏళ్లు పడుతుంది కదా, కాపీరైట్ విషయంలో మార్గదర్శకాలు ఇస్తే సరిపోదా?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. రెండు దారులూ తొక్కి చూసింది యూరోపియన్ యూనియన్, కాబట్టి అక్కడ ఏం జరిగిందో చూద్దాం.

2005 అక్టోబరులో యూనియన్ కార్యనిర్వాహక సంస్థ అయిన యూరోపియన్ కమిషన్ ఆన్‌లైన్ సంగీతం లైసెన్సులపై ఒక సిఫార్సు ఇచ్చింది; పాటించి తీరాలన్న నిర్బంధం దానికి లేదు. హక్కుదారులు తమ ఆన్‌లైన్ హక్కుల్ని తమకు నచ్చిన ఏ దేశపు సొసైటీకైనా (పాటల వాడకానికి డబ్బు వసూలు చేసి హక్కుదారులకు పంచే సంస్థకైనా) అప్పగించుకోవచ్చన్నది అందులో ప్రధానమైన మాట. పార్లమెంటులో చర్చ లేదు, ఓటింగ్ లేదు. త్వరగా వచ్చింది, అది మంచిదే. అప్పట్లో ఒక ఆన్‌లైన్ సర్వీసు పెట్టాలంటే దేశదేశానా లైసెన్సు కోసం తిరగాల్సి వచ్చేది.

అయితే అదే సిఫార్సులో రాయల్టీలు న్యాయంగా పంచాలని కూడా ఉంది. ఏది అమలైంది? పాటల హక్కులు చేతిలో ఉన్న పెద్ద మ్యూజిక్ పబ్లిషర్లు తమకు పనికొచ్చే ముక్క పట్టుకున్నారు. ఈఎంఐ పబ్లిషింగ్ పాటల కోసం జర్మనీ, బ్రిటన్ సొసైటీలు కలిసి సెలాస్ అనే సంస్థనే పెట్టాయి. చిన్న భాషలో పాటలు కట్టేవాళ్లకు అంత బేరమాడే సత్తా ఎక్కడిది? తమను పక్కనపెట్టి ఇలా చెయ్యడం తగదని, దీనికి చట్టమే కావాలని 2007 మార్చిలో యూరోపియన్ పార్లమెంటు తీర్మానించింది.

చట్టం 2014లో వచ్చింది. సిఫార్సును అందరూ ఒకేలా పాటించలేదని దాని పీఠికలోనే రాశారు. నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: డబ్బు రానప్పుడు పాట కట్టిన మనిషి చేతిలో ఏముంది? ఒక స్వరకర్త పాటకు మార్చిలో డబ్బు వసూలైందనుకోండి. సొసైటీ ఆర్థిక సంవత్సరం డిసెంబరుతో ముగిస్తే, మామూలుగా మరుసటి సెప్టెంబరు ఆఖరుకల్లా ఆ డబ్బు అందాలి. తొమ్మిది నెలల గడువు అని చట్టంలో అంకె వేసి ఉంది. సిఫార్సు ఉన్నప్పుడు బతిమాలుకోవాల్సిందే. ఇప్పుడు గట్టిగా నిలదీయొచ్చు.

పరిశ్రమ తనకు తానే రాసుకునే నియమావళి మూడో దారి. బ్రిటన్‌లో స్ట్రీమింగ్ పారదర్శకతపై 2024లో అలాంటిదొకటి వచ్చింది. లేనిదానికన్నా నయం, అంతే.

చట్టం నిదానమే, ఒప్పుకుంటాను. 2014 చట్టాన్ని సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికే 2016 ఏప్రిల్ దాకా గడువిచ్చారు. కానీ చట్టానికి ఓటింగ్ ఉంటుంది: 2019 కాపీరైట్ డైరెక్టివ్‌కు (ఇదీ యూరోపియన్ చట్టమే) యూరోపియన్ పార్లమెంటులో అనుకూలంగా 348, వ్యతిరేకంగా 274 ఓట్లు పడ్డాయి. తన ప్రతినిధి ఎటు ఓటేశారో చూసుకుని, వచ్చే ఎన్నికల్లో ఆ సంగతే అడిగే వీలు ఒక గీత రచయితకు ఉంది. సిఫార్సు విషయంలో ఎవరిని అడుగుతారు?