చైను ఒక్కటే మార్చాలా, సెట్టు మొత్తమా? మామూలుదా, ఓ-రింగుదా?

మోటారుసైకిలు చైను సాగిందని మెకానిక్ తేల్చి చెప్పాక మన ముందు మూడు దారులుంటాయి: చైను ఒక్కటే కొని పాత స్ప్రాకెట్ల (చైను ఎక్కి తిరిగే పళ్ళ చక్రాల) మీద వేయించడం, చైనుతో పాటు ముందు వెనక స్ప్రాకెట్లు కలిసిన సెట్టు మొత్తం మార్పించడం, లేదా మరికొంత డబ్బు పెట్టి ఓ-రింగు చైనున్న, అంటే కీళ్ళలో రబ్బరు వలయాలుండే చైనున్న సెట్టుకు మారడం. వీటిలో మొదటిదాన్ని ఒకటి రెండు సందర్భాలలో తప్ప వదిలేయాలన్నది నా అభిప్రాయం. మిగిలిన రెండింటిలో ఏది మేలన్నది మాత్రం బండికున్న చైను కవరు ఏ తరహాదో, నడిపే మనిషికి చైనుకు నూనె పెట్టే అలవాటు ఎంత ఉందో చూడకుండా చెప్పలేము.

చైను సాగడమంటే దాని ఉక్కు పలకలు సాగడం కాదు. ప్రతి కీలులోనూ ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్షు, అంటే చిన్న గొట్టం ఉంటాయి. చైను స్ప్రాకెట్టు మీదికి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ పిన్ను బుష్షులో కొద్దిగా తిరుగుతుంది, ఆ రాపిడికి రెండూ అరుగుతాయి. మన రోడ్ల మీద తిరిగే 100 నుంచి 150 సి.సి. బండ్లలో చాలావాటికి ఉండేది 428 సైజు చైను. దాని పిచ్, అంటే ఒక పిన్ను నడిమి నుంచి తరువాతి పిన్ను నడిమికి ఉండే దూరం, 12.7 మి.మీ. ఒక్కో కీలులో 0.127 మి.మీ. అరుగుదల కంటికి ఆనదు గాని, 118 లింకుల చైనులో అదంతా కూడితే 15 మి.మీ. అవుతుంది, అప్పుడు వెనక చక్రాన్ని ఏడెనిమిది మి.మీ. వెనక్కి జరిపితే తప్ప ఆ వదులు పోదు. ఇరవై పిచ్‌ల పొడవును బిగువుగా పట్టి కొలిస్తే కొత్త 428 చైను 254 మి.మీ. ఉంటుంది. అది 259కి చేరిందంటే రెండు శాతం పెరిగినట్టే, ఇక మార్చక తప్పదు. బండితో వచ్చిన పుస్తకంలో అంతకన్నా తక్కువ హద్దు రాసి ఉంటే దాన్నే పాటించాలి. చైను పోయిందో లేదో చేత్తో ఊపి చెప్పడం కన్నా ఒక స్టీలు స్కేలు తెచ్చి కొలవడం నమ్మదగిన పద్ధతి.

చైను ఒక్కటే మార్చడం ఎందుకు నష్టమో ఈ లెక్కలోనే ఉంది. చైను పిచ్ పెరిగే కొద్దీ దానికి తగినట్టుగా స్ప్రాకెట్టు పళ్ళు కూడా ఒక వైపుకు అరిగి, కొక్కేల్లా వంగినట్టు కనిపిస్తాయి. అలాంటి పళ్ళ మీద సరిగ్గా 12.7 మి.మీ. పిచ్ ఉన్న కొత్త చైను వేస్తే, దాని రోలర్లు, అంటే బుష్షుల మీద తిరిగే పై గొట్టాలు, పళ్ళ అడుగున సమంగా కూర్చోవు; చాలా పళ్ళు పంచుకోవలసిన బరువు ఒకటి రెండు పళ్ళ మీదే పడుతుంది, కొత్త చైను పాతదాని కన్నా వేగంగా అరిగిపోతుంది. వెనక స్ప్రాకెట్టు చూడటానికి బాగానే ఉందని దుకాణదారు చూపించవచ్చు, అది నిజమే కావచ్చు కూడా. కానీ ముందు 14 పళ్ళు, వెనక 42 పళ్ళు ఉన్న బండిలో ముందు స్ప్రాకెట్టు పన్ను ఒక్కొక్కటి వెనకదానికి మూడింతల సార్లు చైనును పట్టుకుని వదులుతుంది. కనుక ముందుగా చెడేది ఇంజను పక్కన మూత కింద దాగి ఉండే ఆ చిన్న స్ప్రాకెట్టే. ఆ మూత విప్పకుండా పళ్ళు బాగున్నాయని ఎవరు చెప్పినా అది సగం తనిఖీయే. పైగా చక్రం విప్పడం, చైను కవరు తీయడం, మళ్ళీ వరస చూసి బిగించడం అన్న కూలి రెండు పద్ధతులకూ ఒక్కటే. 100 సి.సి. బండి సెట్టు వెయ్యి రూపాయల ప్రాంతంలో దొరుకుతున్నప్పుడు చైను ఒక్కటే కొని మిగిల్చుకునేది, ఆ చైను త్వరగా అరిగి మళ్ళీ పెట్టాల్సిన ఖర్చుతో పోతుంది.

దీనికి మినహాయింపు లేకపోలేదు. సెట్టు కొత్తగా వేసిన కొద్ది రోజులకే రాయి తగిలో, చైను కొసలను కలిపే లాకు ఊడో చైను దెబ్బతింటే, స్ప్రాకెట్లు ఇంకా అరగలేదు కనుక చైను ఒక్కటే మార్చుకోవచ్చు. ఇక కొన్ని దుకాణాలలో చూపే మరో దారి, సర్దుబాటుకు చోటు అయిపోయిన చైనులో ఒక జత లింకులు తీసేసి మళ్ళీ బిగించడం. దీనివల్ల పొడవు తగ్గుతుంది గాని, మిగిలిన కీళ్ళలో అరుగుదల అలాగే ఉంటుంది, పిచ్ ఏమీ మారదు. ఊరు చేరడానికి తప్ప దాన్ని మరమ్మతుగా లెక్కపెట్టకూడదు.

అసలు ఆలోచించవలసినది మామూలు చైనుకూ ఓ-రింగు చైనుకూ మధ్య ఎంపిక. ఓ-రింగు చైనులో లోపలి పలకకూ బయటి పలకకూ మధ్య, పిన్ను చుట్టూ ఒక చిన్న రబ్బరు వలయం ఉంటుంది. తయారీలోనే పిన్నుకూ బుష్షుకూ మధ్య పెట్టిన గ్రీజును అది బయటికి పోనివ్వదు, దుమ్మునూ నీటినీ లోపలికి రానివ్వదు. ఆ వలయాన్ని నాలుగు అంచులుండేలా చేసినది ఎక్స్-రింగు. రాపిడి కొంత తక్కువ, మూత మరింత గట్టి. కేటీఎం 390 డ్యూక్ లాంటి బండ్లకు కంపెనీ నుంచే ఈ రకం చైను వస్తుంది, అలాంటి వాటికి డబ్బు మిగులుతుందని మామూలు చైను వేయడం పొరపాటు. మామూలు చైనులో ఈ మూత ఉండదు కనుక, పిన్నుకు చేరవలసిన నూనె బయటి నుంచే పలకల సందుల్లోకి ఇంకాలి. దుమ్ము కూడా అదే దారిన పోతుంది. నూనెలో కలిసిన సన్నని ఇసుక సానబట్టే ముద్దలా పనిచేసి పిన్నును లోపలి నుంచి తినేస్తుంది.

అందుకే కవరు ప్రశ్న ముఖ్యమైనది. స్ప్లెండర్, షైన్ లాంటి బండ్లకు చైనును నాలుగు వైపులా మూసే నిండు కవరు ఉంటుంది. దాన్ని తీసి పారేయకుండా, పగిలితే వెంటనే మార్పించుకుంటూ, నూనె రంధ్రం గుండా క్రమం తప్పక నూనె వేయించుకునేవారికి మామూలు చైను సెట్టు చాలు. ఓ-రింగు కోసం రెండింతలో, అంతకు పైనో పెట్టనవసరం లేదు. పైగా ఓ-రింగు చైను పిన్నులు పొడవుగా ఉండి, చైను కాస్త వెడల్పవుతుంది. నిండు కవరున్న బండిలో అది కవరు గోడకో, ఇంజను కేసుకో తగలవచ్చు. సైజు 428 అని రాసి ఉన్నంత మాత్రాన పడుతుందనుకోకుండా, ఎడం చూసుకున్నాకే డబ్బు చెల్లించాలి.

పైన సగం కవరు మాత్రమే ఉండి చైను బయటికి కనిపించే బండ్ల సంగతి వేరు. కోనసీమలో వరినాట్ల కాలంలో పొలం గట్ల నుంచి తారు రోడ్డెక్కే బండికి బురద, అనంతపురం వైపు మట్టి దారులలో తిరిగేదానికి దుమ్ము, విశాఖ తీరంలో ఉప్పుగాలి: ఈ మూడింటిలో ఏది రోజూ తగిలినా, చోటిచ్చే బండికి ఓ-రింగు చైను తన ఖర్చును తానే తీర్చుకుంటుంది. వానాకాలంలో వరసగా పది రోజులు తడిసినా దాని కీళ్ళలో గ్రీజు అలాగే ఉంటుంది, మామూలు చైను మాత్రం రెండో రోజుకే ఎండి కిచకిచలాడుతుంది.

అయితే ఓ-రింగు చైనుకు ఏ సంరక్షణా అక్కర్లేదని అమ్మేవారు చెప్పే మాట నిజం కాదు. రోలర్లకూ పళ్ళకూ మధ్య రాపిడికి లోపలి గ్రీజు పనికిరాదు, బయట నూనె ఉండాల్సిందే. రబ్బరు ఎండి పగలకుండా ఉండటానికీ అది అవసరం. శుభ్రం చేయడానికి కిరోసిను, మెత్తని బ్రష్షు వాడాలి. పెట్రోలు, ఇనుప బ్రష్షు, వాటర్ సర్వీసింగులో దగ్గరి నుంచి కొట్టే గట్టి నీటి ధార, ఈ మూడూ వలయాలను పాడుచేస్తాయి. ఒక వలయం తెగితే ఆ కీలులో గ్రీజు పోయి అది బిగుసుకుంటుంది, చైను ఒకచోట బిగువుగా ఒకచోట వదులుగా తిరగడం మొదలవుతుంది. రెండు రకాలకూ 90 గ్రేడు గేరు ఆయిలు సరిపోతుంది. మామూలు చైనుకైతే సుమారు ప్రతి 500 కిలోమీటర్లకు, తడిసిన ప్రతిసారీ పెట్టాలి. ఇంజను నుంచి దించిన నల్లటి పాత ఆయిలు రాయడం మన దగ్గర అలవాటు గాని, అందులో అరిగిన లోహపు రజను ఉంటుంది.

కంపెనీ సెట్టా, బయటి సెట్టా అన్నది నాకు పెద్ద ప్రశ్నగా తోచదు. రోలాన్ పేరుతో చైన్లు చేసే ఎల్.జి. బాలకృష్ణన్ సంస్థ కోయంబత్తూరుది, డైమండ్ చైన్లు మురుగప్ప గ్రూపువి. పేరున్న ఇలాంటి తయారీ అసలైనదైతే చాలు. పెట్టె మీది బొమ్మను నకిలీవాళ్ళు కూడా వేయగలరు కనుక, లింకు పలకల మీద చెక్కిన పేరూ సైజూ చూడాలి. పళ్ళ సంఖ్య మార్చమని స్నేహితులు ఇచ్చే సలహా మీద కూడా ఒక మాట: ముందు స్ప్రాకెట్టులో 15 పళ్ళకు బదులు 14 వేస్తే లాగుడు పెరుగుతుంది గాని, అదే వేగానికి ఇంజను ఏడు శాతం ఎక్కువ చుట్లు తిరగాలి. ఘాట్ రోడ్డు మీద బరువు మోసేవారికి తప్ప దీనివల్ల లాభం లేదు.

చివరికి మిగిలేది చైనును కలిపే పద్ధతి. 100 నుంచి 150 సి.సి. బండ్లకు క్లిప్పు లాకు సరిపోతుంది, దాని మూసిన కొస చైను కదిలే దిశకు ఉండాలి, అంటే పై వరసలో ఉన్నప్పుడు ఇంజను వైపుకు. పాత లాకును కొత్త చైనుకు వాడకూడదు. 200 సి.సి. దాటిన బండ్లకు, పిన్ను తలను నొక్కి బిగించే రివెటు లింకే మేలు, దాన్ని ప్రెస్ పరికరంతో బిగించాలి. ఆ పరికరం లేకుండా సుత్తితో కొట్టి సరిపెడతామనే దుకాణంలో పిన్ను తల పగలడమో, ఓ-రింగు నలిగి కీలు బిగుసుకోవడమో జరుగుతుంది కనుక, సెట్టు అక్కడ కొన్నా బిగింపు మాత్రం ఆ పరికరం ఉన్నచోట చేయించుకోవాలి.