లాగిన్ నాది, సెలవులు ఇంకొకరివి: ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ ఐడెంటిటీతో కొన్నేళ్లు

మైక్రోసాఫ్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లో యూజర్లు, లాగిన్ల పని చూసే ఐడెంటిటీని ఎలా పెట్టుకోవాలో ఇక్కడ చెప్పను, దానికి బోలెడు వీడియోలున్నాయి. కొన్నేళ్లుగా నా ఉద్యోగమంతా దీంతోనే. యూజర్ల ఖాతాలు చూసే యూజర్‌మేనేజర్ క్లాసు కావాలంటే కన్‌స్ట్రక్టర్‌లో అడిగితే చాలు, డిపెండెన్సీ ఇంజెక్షన్ (కావలసిన సర్వీసులను ఫ్రేమ్‌వర్కే అందించే పద్ధతి) తెచ్చి ఇస్తుంది. టెస్టుల్లో అసలు లాగిన్ పక్కనపెట్టి నకిలీ హ్యాండ్లర్ తగిలించడమూ తేలికే. ఆ సుఖం మరిగాక పాత పద్ధతికి పోబుద్ధి కాదు.

నా కోపమంతా స్కోప్‌ల తనిఖీ మీదే, అంటే ఎక్కువకాలం బతికే సర్వీసు కొద్దిసేపే బతికేదాన్ని పట్టుకుందేమో చూసే తనిఖీ మీద.

వేరేవాళ్లు కట్టిన ఒక సెలవుల పోర్టల్ మా చేతికొచ్చింది. సర్వర్ రీస్టార్ట్ అయ్యాక సెలవుల పేజీ ఎవరు ముందు తెరిస్తే, ఇక అందరికీ వాళ్ల సెలవులే కనబడుతున్నాయని ఫిర్యాదు. పై మూలన పేరు సరిగ్గానే ఉంది, కింద పట్టిక మాత్రం ఇంకొకరిది. కుకీలు చూశాం, బ్రౌజర్ క్యాష్ చూశాం, ప్రాక్సీని కూడా అనుమానించాం. తీరా చూస్తే, ప్రస్తుత యూజర్ ఎవరో చెప్పే సర్వీసు స్కోప్డ్, అంటే రిక్వెస్టుకొకటి. దాన్ని పట్టుకు కూర్చున్న, సెలవుల పట్టిక ఇచ్చే రిపోర్టు సర్వీసేమో సింగిల్టన్, అంటే అప్లికేషన్ మొత్తానికీ ఒక్కటే. పైగా యూజర్ ఐడీని కన్‌స్ట్రక్టర్‌లోనే చదివి ఫీల్డ్‌లో దాచేశారు. సింగిల్టన్ పుట్టేది ఒక్కసారే కాబట్టి ఆ క్షణాన ఎవరుంటే వాళ్లే దానికి శాశ్వత యూజర్. ల్యాప్‌టాప్‌లో ఒక్కరే కూర్చుని చూసుకుంటే ఇది బయటపడే దారే లేదు.

ఇలాంటి జతను ఫ్రేమ్‌వర్కే పట్టుకుని అప్లికేషన్‌ను లేవనివ్వకూడదు. లేవనివ్వదు కూడా, కాకపోతే మామూలు సెట్టింగుల్లో ఎన్విరాన్‌మెంట్ పేరు ‘డెవలప్‌మెంట్’ అని ఉంటేనే! ఆ టీమ్ తమ మెషీన్లన్నిటికీ ‘లోకల్’ అని పేరు పెట్టుకుంది. దాంతో తనిఖీ నోరు మూసుకుంది, లాగ్‌లో ఒక్క హెచ్చరికైనా లేదు. ప్రొడక్షన్‌లో వేగం కోసం ఆపారంటే అర్థం చేసుకోగలను. కనీసం ఆపేశామని ఒక లైను రాయొచ్చుగా?

ఇప్పుడు ఏ ప్రాజెక్టు ముట్టుకున్నా యూజ్‌డీఫాల్ట్‌సర్వీస్‌ప్రొవైడర్ సెట్టింగుల్లో వ్యాలిడేట్‌స్కోప్స్ (స్కోప్‌ల తనిఖీ), వ్యాలిడేట్‌ఆన్‌బిల్డ్ (అప్లికేషన్ లేచేటప్పుడే తనిఖీ) రెండూ ట్రూ చేసే మిగతా పని చూస్తాను. అయినా టెన్షన్ పూర్తిగా పోదు. లాంబ్డాతో, అంటే సర్వీసును తయారుచేసే చిన్న ఫంక్షన్ రాసి, రిజిస్టర్ చేసినవి బిల్డ్ తనిఖీకి దొరకవు, ఆ సర్వీసును ఎవరో అడిగినప్పుడే పేలతాయి. అందుకే ఐడీని ఫీల్డ్‌లో దాచకుండా, కావలసినప్పుడల్లా, ప్రస్తుత రిక్వెస్టు వివరాలిచ్చే హెచ్‌టీటీపీ కాంటెక్స్ట్ యాక్సెసర్ నుంచి చదివిస్తున్నాను. పైన ‘అడిగితే చాలు’ అన్నది కాస్త తగ్గించి చదువుకోండి, అడిగేదాని ఆయుష్షెంతో వచ్చేదాని ఆయుష్షెంతో కూడా చూసుకోవాలి.

డాట్‌నెట్ 8లో వచ్చిన రెడీమేడ్ ఐడెంటిటీ ఎండ్‌పాయింట్లు కూడా వాడి చూశాను. అవిచ్చే టోకెన్ జేడబ్ల్యూటీ (యూజర్ వివరాలను ఇతర సర్వీసులూ చదవగలిగే ప్రామాణిక టోకెన్) కాదు, పక్క సర్వీసు విప్పి చదువుకోలేదు. నాకు ఆ అవసరం రాలేదు కాబట్టి సరిపోయింది. మావి చాలావరకు ఉద్యోగులు మాత్రమే వాడే, ఒక్క డేటాబేస్‌తో నడిచే అప్లికేషన్లు, వాటికైతే మళ్లీ ఐడెంటిటీనే ఎంచుకుంటాను. నాలుగైదు అప్లికేషన్లకు ఒకే లాగిన్ కావాలనుకునేవాళ్లు మాత్రం ముందు కీక్లోక్ లాంటి విడి లాగిన్ సర్వర్లు చూడండి.