తుఫాను రాత్రికి పనికొచ్చే రేడియో: ఆరు నెలలు వాడాక

విశాఖలోని తుఫాను హెచ్చరిక కేంద్రంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందుకే ఈ చిన్న రేడియో గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను. హ్యాండిల్ తిప్పి ఛార్జ్ చేసుకునే రకం ఇది, ఆన్‌లైన్‌లో 1,850 రూపాయలకు తీసుకున్నాను.

కొనేముందు చూడాల్సింది మీడియం వేవ్ ఉందా లేదా అని. ఇందులో ఉంది. దీనికి ముందు కొన్న సెట్టు డబ్బా మీద "ఆల్ బ్యాండ్" అని ఉంది, తీరా చూస్తే ఎఫ్‌ఎం ఒక్కటే పలికింది. తిప్పి పంపేశాను. ఎఫ్‌ఎంకు కొండ అడ్డొస్తే చాలు, పోతుంది. మీడియం వేవ్ నేలను పట్టుకుని చాలా దూరం వెళ్తుంది. ఆకాశవాణి విశాఖ 927 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. ఫోన్లో రేడియో ఉంది కదా అంటాడు మా అబ్బాయి. యాప్‌కు నెట్ కావాలి, నెట్‌కు టవర్ నిలబడి ఉండాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. కరెంటు, ఫోన్లు రెండూ పోయాయి. అప్పటికి నేను రిటైరై ఇంట్లోనే ఉన్నాను. మా పాత రేడియోలో సెల్స్ కారి, స్ప్రింగులు తుప్పు పట్టిపోయి ఉన్నాయి. మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి తగ్గింది. అయిపోయిందనుకుని అపార్ట్‌మెంట్‌లో జనం కార్లు చూసుకోవడానికి కిందికి దిగుతున్నారు. అది తుఫాను కన్ను, అంటే నడిమధ్యన గాలి లేని చోటు. మిగతా సగం వెనకాలే వస్తుంది, అదీ ఎదురు దిక్కు నుంచి. మెట్ల మీద నిలబడి గొంతు పోయేలా అరిచి అందరినీ లోపలికి పంపాను. మా బ్లాకు వరకూ నా గొంతు సరిపోయింది. పక్క వీధికి ఎవరు చెప్పాలి?

ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల్లో 10వ నంబరే చివరిదని చాలామంది అనుకుంటారు. దాని మీద 11 కూడా ఉంది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ నన్ను ఎక్కువ భయపెట్టిన నంబరు అదే.

మేం బులెటిన్‌లో "పశ్చిమ వాయవ్య దిశగా కదిలి" అని రాసేవాళ్లం. రేడియో వాళ్లు ఫోన్ చేసి, "ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్య సార్?" అని అడిగేవారు. "కళింగపట్నం, కాకినాడ మధ్య, వేటకు వెళ్లొద్దని రెండుసార్లు చదవండి" అనేవాణ్ని. పెద జాలారిపేటలో వల బాగుచేసుకుంటున్నవాడికి అందేది ఆ రెండో మాటే. అలా అడిగి రాసుకున్న అనౌన్సర్లంటే నాకు ఇప్పటికీ గౌరవం.

ఇక సెట్టు పనితనం. హ్యాండిల్ ఒక నిమిషం తిప్పితే తక్కువ సౌండ్‌లో ఐదారు నిమిషాలు పలుకుతోంది. ఇదే రకంలో మొదట వచ్చిన సెట్టుకు హ్యాండిల్ వదులుగా ఉంటే మార్చి ఇచ్చారు. పైనున్న సోలార్ పలక చూసి కొనకండి, తుఫాను మబ్బు కమ్మిన రెండు రోజులూ అది వట్టి అలంకారమే. మూడు చిన్న సెల్స్ కూడా వేసుకోవచ్చు, అసలు ఆధారం అవే. స్టేషన్ సరిగ్గా రాకపోతే పైకి లాగే యాంటెన్నాను కదిపి లాభం లేదు, అది ఎఫ్‌ఎంకే. మీడియం వేవ్ యాంటెన్నా లోపలే ఉంటుంది, సెట్టునే మెల్లగా పక్కకు తిప్పాలి. ఎల్‌ఈడీ బల్బు, ఇన్వర్టర్ దగ్గర పెడితే గుయ్యిమంటుంది. కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా ఆపేస్తే ఆ రొద ఉండదు, మాట స్పష్టంగా వినిపిస్తుంది.

డయల్ మీద అంకెలు మరీ చిన్నవి, అందుకే ఒక స్టార్ తగ్గించి నాలుగు ఇస్తున్నాను. 927 దగ్గర తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించాను. చీకట్లో మా ఆవిడ వేలితో తడిమి స్టేషన్ పట్టేస్తోంది. సెల్స్ మాత్రం లోపల ఉంచడం లేదు, రబ్బరు బ్యాండు వేసి పక్కనే పెడుతున్నాం.