నెట్ లేని రాత్రి నా గేమ్స్‌ ఏవీ తెరుచుకోలేదు: కన్సోల్ లైసెన్స్ చెక్‌పై నా రివ్యూ

ఇల్లు మారిన రెండో రోజు రాత్రి సంగతి ఇది. సామాను సగం అట్టపెట్టెల్లోనే ఉంది, నెట్ కనెక్షన్ ఇచ్చే మనిషి రావడానికి ఇంకా నాలుగు రోజులు పడుతుందన్నారు, ఒళ్లు నొప్పులతో నిద్ర పట్టడం లేదు. సరే, కాసేపు గేమ్ ఆడదామని కన్సోల్‌ను టీవీకి తగిలించాను. నేను తెరిచింది ఒక్కడే ఆడుకునే కథ గేమ్, ఆన్‌లైన్‌తో పనే లేదు, పూర్తి ధర పెట్టి కొన్నది, పూర్తిగా డౌన్‌లోడ్ అయి ఉన్నది. ఐకాన్ నొక్కితే తెర ఒక్క క్షణం నల్లబడింది, చక్రం నాలుగైదు సార్లు తిరిగింది, లైసెన్స్ సరిచూడలేకపోతున్నాం, నెట్‌కు కనెక్ట్ అవ్వండి అని మెసేజ్ వచ్చింది. ఇంకో గేమ్ నొక్కాను, అదే మెసేజ్. ఇంకోటి, మళ్లీ అదే. పెట్టెలో వెతికి పాత డిస్క్ ఒకటి పెడితే అది మాత్రం మారు మాట్లాడకుండా తెరుచుకుంది.

తమ్ముడికి ఫోన్ చేశాను. నా పాత కన్సోల్ వాడికే ఇచ్చాను, అందులో నా అకౌంట్ అలాగే ఉంది. "ఒరేయ్, ఒక్కసారి నెట్ ఆపేసి నా గేమ్ ఏదైనా తెరిచి చూడు" అన్నాను. రెండు నిమిషాలు ఆగి "బానే వస్తోంది కదా అన్నయ్యా, ఏమైంది?" అన్నాడు. అంటే డబ్బు కట్టిన నాకు తలుపు తెరుచుకోలేదు, అదే గేమ్ వాడి దగ్గర నెట్ లేకుండానే నడుస్తోంది. ఆ రోజు నాకు నిజంగా మనసు కష్టమైంది. గేమ్‌తో పాటు ఈ లైసెన్స్ చెక్‌నూ మనం డబ్బిచ్చి కొంటున్నాం, కాబట్టి దానికీ ఒక రివ్యూ ఉండాలనిపించి ఇది రాస్తున్నాను. ఆ కన్సోల్ ఎవరిదో చెప్పను, ఎందుకంటే దీని వెనకున్న పద్ధతి దాదాపు అందరిదీ ఒకటే.

ఆ పద్ధతి ఏంటంటే, మనం డౌన్‌లోడ్ చేసుకున్న గేమ్ ఫైళ్లు కన్సోల్‌లో తాళం వేసిన పెట్టెలా ఉంటాయి, ఆ పెట్టెను ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, కానీ తాళంచెవి వేరుగా ఉంటుంది. ఆ తాళంచెవే లైసెన్స్. ఒక అకౌంట్‌కు ఒక కన్సోల్‌ను మెయిన్ కన్సోల్‌గా పెట్టుకోమంటారు. అక్కడ తాళంచెవి కన్సోల్‌లోనే ఉంటుంది, నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది, ఆ ఇంట్లో వేరే అకౌంట్ వాళ్లు కూడా ఆడుకోవచ్చు. రెండో కన్సోల్‌లో మాత్రం తాళంచెవి మన అకౌంట్‌తో ముడిపడి ఉంటుంది, కాబట్టి ఆడాలనుకున్నప్పుడు సర్వర్‌ను అడగాలి, అది సరేనంటేనే తెరుచుకుంటుంది. నా విషయంలో జరిగింది ఇదే. పాత కన్సోల్ తమ్ముడికిచ్చేటప్పుడు మెయిన్ అనే గుర్తు దాని మీదే ఉండిపోయింది, కొత్తది రెండోది అయిపోయింది. ఇంట్లో నెట్ ఎప్పుడూ ఉండేది కాబట్టి ఏడాది పాటు ఆ తేడా నాకు తెలియనే లేదు, ఏ తెర మీదా ఆ మాట ఒక్కసారి కూడా కనిపించలేదు. నా మొదటి కోపం దీని మీదే. చెక్ పెట్టినందుకు కాదు, ఇంత ముఖ్యమైన విషయాన్ని సెట్టింగ్స్‌లో అట్టడుగున దాచినందుకు.

చెక్ ఎందుకు పెట్టారో నాకు అర్థమవుతుంది. ఒకరు కొన్న డిజిటల్ గేమ్ అకౌంట్‌ను ముక్కలు చేసి, మెయిన్ హక్కు ఒకరికి, రెండో హక్కు ఇంకొకరికి తక్కువ రేటుకు అమ్మే వ్యాపారం ఉంది. ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య ఒకే కాపీ తిరుగుతుంటే గేమ్ తయారుచేసినవాడికి ఏమీ మిగలదు, చిన్న స్టూడియోలకైతే అది చావుదెబ్బే. అందుకని చెక్కే వద్దని నేను అనను. కానీ పూర్తిగా క్రాక్ చేసిన కన్సోల్‌లో ఆడేవాడికి ఈ చెక్ ఎదురే రాదు, అతని దగ్గర దాన్ని ముందే తీసేశారు. మరి రోజూ దీన్ని దాటాల్సింది ఎవరు? డబ్బు కట్టినవాళ్లు. కాబట్టి వాళ్లను ఎంత ఇబ్బంది పెడుతోందన్నదే దీనికి అసలు పరీక్ష, నేను మార్కులు వేసేది కూడా అందులోనే.

ప్లేస్టేషన్‌తో మొదలుపెడతాను. పీఎస్5లో దీన్ని కన్సోల్ షేరింగ్, ఆఫ్‌లైన్ ప్లే అంటారు, పీఎస్4లో ప్రైమరీ అంటారు. ఒకే అకౌంట్‌తో ఒక పీఎస్5నీ ఒక పీఎస్4నీ రెండింటినీ మెయిన్‌గా పెట్టుకోవచ్చు, ఇది నాకు బాగా నచ్చింది. పాత కన్సోల్ చేతిలో లేకపోయినా వెబ్‌సైట్ నుంచి అన్నిటినీ ఒకేసారి తీసేసే వీలుంది, కాకపోతే అది 6 నెలలకు ఒక్కసారే. సర్వర్ పడిపోయినప్పుడే కష్టం. 2011 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ ఆన్‌లైన్ నెట్‌వర్క్ అయిన పీఎస్ఎన్‌ను హ్యాక్ చేశారు, దాదాపు 7.7 కోట్ల అకౌంట్ల వివరాలు బయటికి పోయాయి, నెట్‌వర్క్ సుమారు 3 వారాలు మూతపడింది. అప్పట్లో పీఎస్3లో బయోనిక్ కమాండో రీఆర్మ్‌డ్ 2 లాంటి ఒకటి రెండు క్యాప్‌కామ్ గేమ్స్‌ ఒక్కరే ఆడుకుంటున్నా సరే లాగిన్ అడిగేవి, ఆ 3 వారాలూ కొన్నవాళ్లకు అవి పనికిరాకుండా పోయాయి. ఇది పాత కథ అనుకుంటే 2025 ఫిబ్రవరిలో పీఎస్ఎన్ మళ్లీ ఒక రోజంతా పడిపోయింది. తర్వాత డబ్బు కట్టి ప్లేస్టేషన్ ప్లస్ సభ్యత్వం తీసుకున్నవాళ్లకు 5 రోజులు కలిపి ఇచ్చారు. సభ్యత్వం లేకుండా గేమ్స్‌ మాత్రమే కొనుక్కున్నవాళ్లకు దాంతో ఏం ఒరుగుతుంది?

ఇంకో విషయం చెప్పాలి, ఎందుకంటే చాలామందికి తెలియదు. పీఎస్4లో గడియారం నడిపే చిన్న బిళ్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోయి, సర్వర్ కూడా అందకపోతే డిజిటల్ గేమ్సే కాదు, డిస్క్ గేమ్స్‌ కూడా తెరుచుకునేవి కావు. గేమ్‌లో ఏదైనా సాధించినప్పుడు వచ్చే ట్రోఫీల మీద వేసే తేదీని ఎవరూ మార్చకుండా పెట్టిన కాపలా అది. రేపెప్పుడో సర్వర్లు ఆపేస్తే కోట్ల కన్సోల్స్ బ్యాటరీ అయిపోగానే మూలనపడతాయని జనం గట్టిగా గోల చేశారు, 2021 సెప్టెంబర్‌లో వచ్చిన 9.00 అప్‌డేట్‌తో అది సరయింది. అడిగితే మారుతుందనడానికి నాకు దీన్ని మించిన ఉదాహరణ లేదు.

ఎక్స్‌బాక్స్ విషయంలోనూ అడిగితేనే మారింది. 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటించినప్పుడు ప్రతి 24 గంటలకు ఒకసారి నెట్‌కు కనెక్ట్ కావాలన్నారు, లేకపోతే ఒక్కడే ఆడుకునే గేమ్ కూడా ఆగిపోతుందన్నారు. జనం మండిపడ్డారు, సోనీ అదే అదనుగా తన పీఎస్4కు అలాంటి షరతు లేదని స్టేజ్ మీదే చెప్పింది, కొన్ని రోజులకే జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది. ఇప్పుడు హోమ్ ఎక్స్‌బాక్స్ అని ఒకటి పెట్టుకుంటే అక్కడ నెట్ లేకుండా ఆడొచ్చు, ఏడాదిలో 5 సార్లు మార్చుకోవచ్చు. 5 అనేది సరిపోయే సంఖ్యే, కన్సోల్ పాడైనా, అమ్మేసినా, ఇల్లు మారినా ఇబ్బంది ఉండదు. కానీ 2022 మేలో వాళ్ల సర్వర్లు మొరాయించినప్పుడు చాలామంది కొనుక్కున్న డిజిటల్ గేమ్స్‌నే తెరవలేకపోయారు. తర్వాతి తరం ఎక్స్‌బాక్స్ అయిన సిరీస్ ఎక్స్‌లో పాత ఎక్స్‌బాక్స్ వన్ డిస్కులకు కూడా అప్పట్లో ఒకసారి నెట్ చెక్ ఉండేది, అదే ఏడాది దాన్ని తీసేశారు. చేతిలో డిస్క్ పట్టుకుని కూడా సర్వర్‌ను బతిమాలాల్సిన అవసరం తప్పింది.

నింటెండో దారి వేరు, ఎక్కువ చెప్పాల్సింది కూడా దీని గురించే. 2025 ఏప్రిల్ చివర్లో వాళ్ల కన్సోల్ స్విచ్‌కు వచ్చిన అప్‌డేట్‌తో డిజిటల్ గేమ్స్‌ను వర్చువల్ గేమ్ కార్డులుగా మార్చారు. మెయిన్ కన్సోల్, రెండో కన్సోల్ అనే లెక్క బదులు ఒక్కో గేమ్‌ను కార్డులా ఒక కన్సోల్‌లోంచి తీసి ఇంకోదాంట్లో పెట్టొచ్చు. రెండు కన్సోల్స్‌ను మొదటిసారి కలిపేటప్పుడు పక్కపక్కన పెట్టాలి, తర్వాత కార్డు మార్చేటప్పుడు నెట్ ఉంటే చాలు. ఒకసారి పెట్టాక నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు. ఫ్యామిలీ గ్రూప్‌లో ఉన్నవాళ్లకు 14 రోజులు అప్పు ఇవ్వొచ్చు, గడువు అయ్యాక తనంతట తానే తిరిగొచ్చేస్తుంది. ఏ గేమ్ ఎక్కడుందో తెర మీద కార్డు బొమ్మ కనిపిస్తుంది కాబట్టి చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. నాకు ఆ రాత్రి జరిగినట్టు ఏడాది తర్వాత అకస్మాత్తుగా తెలిసే బాధ ఇందులో తక్కువ. ఇది కాక ఆన్‌లైన్ లైసెన్స్ అనే ఇంకో సెట్టింగ్ ఉంది. అది ఆన్ చేసుకుంటే కార్డు పెట్టని కన్సోల్‌లో కూడా కొన్నవాడి అకౌంట్‌తో ఆడొచ్చు, కాకపోతే నెట్ ఉండాలి. పేరులోనే ఆన్‌లైన్ అని ఉంది కాబట్టి ఇక్కడ మోసం లేదు. ప్రయాణానికి బయలుదేరేముందు మాత్రం దీన్ని నమ్ముకోకండి, కార్డు నేరుగా పెట్టుకునే వెళ్లండి.

నింటెండోలో నాకు నచ్చనిది స్విచ్ 2తో పాటు వచ్చిన గేమ్ కీ కార్డు. చూడ్డానికి మామూలు కార్డే, కానీ లోపల గేమ్ ఉండదు, డౌన్‌లోడ్ చేసుకునే హక్కు మాత్రమే ఉంటుంది. మొదటిసారి నెట్ కావాలి, ఆ తర్వాత ఆడినప్పుడల్లా కార్డు లోపల ఉండాలి. డిజిటల్‌కున్న కష్టం, కార్డుకున్న కష్టం రెండూ ఒకేచోట పెట్టారు. అమ్ముకోవచ్చు, స్నేహితుడికి ఇవ్వొచ్చు, అది ఒప్పుకుంటాను. కానీ డౌన్‌లోడ్ ఇచ్చే సర్వర్ ఆగిపోయాక ఆ కార్డుతో ఏం చేయాలి? నింటెండో పాత కన్సోల్స్ వీ యూ, 3డీఎస్‌ల ఆన్‌లైన్ స్టోర్లలో అమ్మకాలు 2023 మార్చి 27న ఆపేశారు. కొన్నవాళ్లు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకునే వీలు అప్పుడు ఉంచారు, అదీ ఎప్పటిదాకా అన్న టెన్షన్ మాత్రం ఉంది.

సెకండ్ హ్యాండ్ కార్డులు కొనేవాళ్లు కూడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. స్విచ్ కార్డు ప్రతిదానికీ ఇంకో కార్డుతో కలవని ఒక గుర్తింపు ఉంటుంది. కార్డును కాపీ తీసుకుని అసలుది అమ్మేసేవాళ్లు ఉన్నారు. అదే గుర్తింపు రెండు చోట్ల ఆన్‌లైన్‌లో కనిపిస్తే కన్సోల్‌ను ఆన్‌లైన్ సేవల నుంచి బ్యాన్ చేస్తారు. ఏ పాపం తెలియకుండా కొన్నవాళ్లు కూడా అందులో ఇరుక్కున్నారు. సపోర్ట్‌కు రాసి, కార్డు ఫొటోలు పంపి బ్యాన్ తీయించుకున్నామని కొందరు చెప్పారు. కాబట్టి ఎవరి దగ్గర కొన్నారో ఆ మెసేజ్‌లు, కార్డు ఫొటో రెండూ దాచుకోండి.

కొనడం అన్న మాట గురించి కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. డిజిటల్ వస్తువు అమ్మేటప్పుడు కొనండి అని రాస్తే, నువ్వు తీసుకుంటున్నది లైసెన్స్ మాత్రమే అని కూడా స్పష్టంగా చెప్పాలి. మంచిదే. కానీ లైసెన్స్ అని చెప్పినంత మాత్రాన సరిపోదు, అది ఎన్నాళ్లు, నెట్ లేకపోతే ఎన్ని గంటలు పనిచేస్తుంది అని కూడా డబ్బు కట్టే ముందు అదే తెర మీద రాయాలి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. రెండో కన్సోల్‌లో ఒకసారి చెక్ అయ్యాక కనీసం 2 వారాలు నెట్ లేకుండా నడవనివ్వాలి. అప్పు ఇచ్చిన గేమ్‌ను 14 రోజులు నమ్మగలిగినప్పుడు కొన్నవాడినీ అన్ని రోజులు నమ్మొచ్చు. అకౌంట్లు ముక్కలు చేసి అమ్మేవాళ్లు దీన్ని కొంత వాడుకుంటారు, నిజమే, కానీ ఒకే అకౌంట్‌లో వారానికో కొత్త కన్సోల్ చేరుతుంటే సర్వర్‌కు తెలియకుండా ఉండదు, అలాంటివాళ్లను అక్కడ పట్టుకోవచ్చు. సర్వర్లు వాళ్ల తప్పుతో పడిపోయిన రోజున మాత్రం ఎవరినీ ఏమీ అడగకుండా గేమ్స్‌ తెరుచుకోవాలి.

మార్కులంటే, నింటెండో కార్డుల పద్ధతికి 10కి 7 ఇస్తాను, గేమ్ కీ కార్డుకు 3. ప్లేస్టేషన్‌కు 6, ఎక్స్‌బాక్స్‌కు 6. ఈ రెండూ మెయిన్ కన్సోల్ ఏదో హోమ్ తెర మీద ఒక చిన్న గుర్తుతో చూపిస్తే ఇంకో మార్కు కలుపుతాను.

ఆ రాత్రి చివరికి ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేశాను, కన్సోల్ కనెక్ట్ అయిన కొన్ని సెకన్లకే గేమ్ తెరుచుకుంది. అంత చిన్న పని కోసం గంటన్నర పోయింది. వెంటనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి నా కన్సోల్‌ను మెయిన్‌గా మార్చి, హాట్‌స్పాట్ ఆపేసి, గేమ్స్‌ ఒక్కొక్కటీ తెరిచి చూశాను, అన్నీ వచ్చాయి. మీరూ ఈ వారంలో ఒక్కసారి వైఫై ఆపేసి మీ గేమ్స్‌ తెరిచి చూడండి. తమ్ముడి కన్సోల్‌లో ఇప్పుడు నెట్ ఉంటేనే నా గేమ్స్‌ వస్తున్నాయి, వాడికిష్టమైన రెండింటినీ డిస్కులుగా కొనిచ్చాను.