ఫ్రేమింగ్‌హామ్‌లో మూడు ఉదయాలు, ఒక బ్రెజిల్ ఫలహారశాల

మసాచుసెట్స్‌లోని ఆష్లాండ్ శ్రీలక్ష్మీ దేవాలయాన్ని దర్శించాలనుకున్నప్పుడు, నేనూ నా శ్రీమతీ బోస్టన్‌లో కాక, దానికి పడమరగా సుమారు 20 మైళ్ళ దూరంలో ఉన్న ఫ్రేమింగ్‌హామ్‌లో బస చేశాము. ఆలయానికి అక్కడి నుండి కొద్ది నిమిషాల ప్రయాణమే. బోస్టన్‌కు రైలూ ఉంది. మేము దిగిన హోటలు శుభ్రంగా ఉంది గానీ, ఉదయం పెట్టే ఫలహారమంతా తీపి రొట్టెలూ డబ్బా రసాలే కావడంతో, మధుమేహమున్న నేను తినదగినది ఏదీ లేకపోయింది. ఆ ఇబ్బందే మమ్మల్ని ఊరి నడిబొడ్డుకు నడిపించింది.

అక్కడ వీధి పొడవునా పోర్చుగీసు భాషలో బోర్డులు కనిపిస్తాయి. బ్రెజిల్‌లోని మినాస్ జెరైస్ రాష్ట్రం నుండి, ముఖ్యంగా గొవెర్నదోర్ వలదారెస్ పట్టణం నుండి వచ్చిన కుటుంబాలు కొన్ని దశాబ్దాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. మేము వెళ్ళినది అటువంటి కుటుంబంలో పుట్టిన ఒక మహిళ నడుపుతున్న చిన్న కెఫేకు. ఆరోగ్యకరమైన ఆహారమని బయటే రాసి ఉంది.

మొదటి రోజు అందరూ తింటున్న అసాయి గిన్నెనే తెప్పించుకున్నాము. అసాయి అమెజాన్ ప్రాంతపు తాటిజాతి చెట్టుకు కాసే ముదురు ఊదారంగు పండు. కోసిన తరువాత త్వరగా పాడవుతుంది కనుక గుజ్జు తీసి గడ్డకట్టించి దూరదేశాలకు పంపుతారు. ఆ పండు సొంత ఊరైన, ఉత్తర బ్రెజిల్‌లోని పారా రాష్ట్రంలో దానిని చక్కెర లేకుండా, కర్రపెండలం పిండితో, వేయించిన చేపతో భోజనంగా తింటారు. బ్రెజిల్ దక్షిణాది నగరాలకు చేరాకనే గ్వారానా అనే అమెజాన్ పండు గింజల తీపి పాకం, అరటిపండు, గ్రనోలా అనే వేయించిన ఓట్ల మిశ్రమం దానికి తోడయ్యాయి. మేము తిన్నది ఈ రెండవ రకం. రుచిగా ఉన్నమాట నిజమే, కానీ రెండు గంటల తరువాత రక్తంలో చక్కెర కొలిచే నా మీటరు 230 చూపింది.

మరునాడు ఆ సంగతి చెప్పగా, యజమానురాలు నొచ్చుకోకుండా, చక్కెర కలపని గుజ్జు వేరే ఉందని, అడిగినవారికి ఇస్తామని చెప్పారు. ఆ మాట వంటకాల పట్టికలోనే రాయవలసింది.

ఆ రోజు మా ఎదుటనే టపియోకా అట్టు వేశారు. తడిపిన కర్రపెండలం పిండిని జల్లించి వేడి పెనంపై చల్లగానే, నూనె చుక్క లేకుండా పొడి రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కొని తెల్లని అట్టుగా తయారయ్యాయి. సామర్లకోట ప్రాంతంలో సగ్గుబియ్యంగా మారే దుంపా ఇదేనని, అది మన నేలకు దక్షిణ అమెరికా నుండే వచ్చిందని చెప్పినప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆ అట్టులోను, మినాస్ జెరైస్‌కు పేరు తెచ్చిన పావ్ జి కేజు అనే చీజు ఉండలలోను గోధుమ లేదు కనుక గ్లూటెన్ పడనివారికి అవి నిజంగా మేలైనవి. కానీ రెండింటిలోనూ పిండిపదార్థం ఎక్కువే కాబట్టి, గోధుమ లేకపోవడం వేరు, రక్తంలో చక్కెర పెరగకపోవడం వేరు. ఉండలలో గుడ్డు కలుపుతామని, శాకాహారి అయిన నా శ్రీమతికి డబ్బు తీసుకోకముందే చెప్పడం మాకు ఎంతో నచ్చింది.

మూడవ రోజు తిన్నది మాత్రం నేను మనసారా సిఫారసు చేయగలిగినది: ఉడికించిన చిక్కుడు గింజల పులుసు, దారాల్లా సన్నగా తరిగి వెల్లుల్లితో నిమిషం సేపు వేయించిన కూవె ఆకుకూర. ఈ గింజలను పంది మాంసంతో వండే అలవాటు బ్రెజిల్‌లో ఉంది కనుక శాకాహారులు ముందుగా అడగాలి. ఇక్కడ మాంసం లేకుండా విడిగా వండుతారు. ఇది తన అమ్మమ్మ ఇంట్లో రోజూ ఉండే వంట అని, అయినా గిరాకీ అంతా అసాయికేనని ఆమె చెప్పారు. అసాయి గిన్నె 14 డాలర్లు, ఇది 11.

బల్లలు ఆరే ఉన్నందున శనివారం అరగంట నిలబడవలసి వచ్చింది. ఆలయానికి వెళ్ళేవారు దర్శనానికి ముందే, తొమ్మిది లోపు ఇక్కడికి చేరుకోవడం మంచిది. ఆ మూడవ రోజు నా మీటరు 148 దగ్గర ఆగింది.